గిటారు పికప్పులు: మార్పిడి, ఎంపిక

నిర్వచనము

లోహతంత్రుల కంపనమును విద్యుత్సంకేతముగా మార్చి యాంప్లిఫయరునకు పంపెడి సాధనమునకు పికప్ అని పేరు. విద్యుత్ గిటారునందు ఇది తంత్రులకు దిగువను, వానికి రెండు మూడు మిల్లీమీటర్ల యెడమున, కొయ్యదేహమున తొలిచిన గుంటయందో, దేహముపై బిగించిన పలకయందో అమరియుండును. వాద్యముతో కర్మాగారమునుండి వచ్చిన పికప్పును తొలగించి, వాదకుని రుచికిగాని వాద్యమందలి లోటునకుగాని తగిన వేరొకదానిని నిలుపుటయే పికప్ మార్పిడి. ఈ మార్పిడికై ప్రత్యేకముగా పికప్పులను నిర్మించి విక్రయించెడి పరిశ్రమ 1970 తర్వాత అమెరికాలో ఏర్పడి, పిదప ఇతర దేశములకు వ్యాపించినది.

ఈ వ్యాసము అయస్కాంత పికప్పులకు పరిమితము. తంత్రులను దేహముపై మోయు బ్రిడ్జిక్రింది ఒత్తిడిని గ్రహించి పనిచేయుచు, నైలాను తంత్రులకుకూడ పనికివచ్చెడి పీజో పికప్పులు వేరొక జాతికి చెందినవి (చూ. పీజో విద్యుత్తు).

పనిచేయు విధము

మైఖేల్ ఫారడే 1831లో కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి మూలము. పికప్పులోని శాశ్వతాయస్కాంతము తన పైనున్న ఉక్కుతంత్రిని కొంతమేర అయస్కాంతీకరించును. తంత్రి కంపించినపుడు, అయస్కాంతముచుట్టు వేలకొలది పర్యాయములు చుట్టబడిన సన్నని రాగితీగలో అయస్కాంతాభివాహము హెచ్చుతగ్గులను పొందును. ఆ మార్పువలన తీగచుట్టయందు, తంత్రి చలనమునకు అనుగుణమైన విద్యుచ్చాలక బలము పుట్టును. గాలిలో ప్రసరించు శబ్దముతో ఈ క్రియకు సంబంధము లేదు. కంచుతీగ చుట్టిన తంత్రులను విద్యుత్ గిటారునకు బిగించినచో, పైచుట్టు పికప్పునకు గోచరింపదు. లోపలి ఉక్కుతీగ మాత్రమే పలుకును.

తీగచుట్టకు నిరోధము, ప్రేరకత్వము అను గుణములు రెండును గలవు. పొరలమధ్యనుండు కెపాసిటీ, గిటారును యాంప్లిఫయరుతో కలిపెడి కేబులుయొక్క కెపాసిటీ వీనికి తోడై, మొత్తము ఒక అనునాదవలయమగుచున్నది. ఆ అనునాద పౌనఃపున్యమునకు దాపుననున్న అనుస్వరములు (మూలస్వరముతో పాటు పలికెడి పైస్వరములు) బలపడును. దానిని మించినవి త్వరితముగా క్షీణించును. 2.3 హెన్రీల ప్రేరకత్వముగల సన్నని పికప్పునకు కేబులుతోకూడ 600 పికోఫారడుల కెపాసిటీ చేరినచో అనునాదము సుమారు 4,300 హెర్ట్జులయొద్ద నిలుచును, 4.5 హెన్రీల హంబకరునకు (జంటచుట్టల పికప్పునకు) అది 3,000 హెర్ట్జులకును, 8 హెన్రీల బలిష్ఠమైన పికప్పునకు 2,300 హెర్ట్జులకును దిగును. గిటారుయొక్క మూలస్వరములు ఇరువదినాల్గవ మెట్టువరకు లెక్కించినను 82 హెర్ట్జులకును 1,319 హెర్ట్జులకును మధ్యనే యున్నవి కావున, పికప్పు తీర్చునది స్వరమును కాదు, ఆ స్వరముపైని అనుస్వరముల పొందికను. జల్లెడ గింజలను పుట్టింపజాలనట్లే, తంత్రియందును కొయ్యయందును లేని అనుస్వరమును ఏ పికప్పును పుట్టింపజాలదు. మార్పిడిని గూర్చిన ఆశాభంగములలో పెక్కింటికి ఈ సంగతిని మరచుటయే కారణము.

పికప్ నిలుచు స్థానమునకును నాదగుణముపై గొప్ప ప్రభావము కలదు. బ్రిడ్జికి సమీపమున తంత్రియొక్క కంపనపరిమితి స్వల్పము, పై అనుస్వరముల పాలు అధికము. మెట్లుండు నెక్‌వైపున ఇందుకు విపర్యయము. స్ట్రాటోకాస్టరు జాతి గిటారునందు తంత్రి పొడవు 648 మిల్లీమీటర్లు. నెక్ పికప్పు బ్రిడ్జినుండి రమారమి 162 మిల్లీమీటర్ల దూరమున, అనగా తంత్రియొక్క నాల్గవ వంతున ఉండును. అది నాల్గవ అనుస్వరముయొక్క అస్పందన బిందువు గనుక, తంత్రిని నొక్కక విడిగా మీటినపుడు ఆ అనుస్వరము ఈ పికప్పునకు దాదాపుగా వినబడదు. ఏ రాగిచుట్టను తెచ్చి అచట నిలిపినను ఈ ధర్మము మారదు.

చరిత్ర

విద్యుత్ గిటారు ప్రథమమున హవాయి పద్ధతిలో ఒడిలో పరుండబెట్టి వాయించు వాద్యముగా అవతరించినది. జార్జి బోషాం 1931లో రూపొందించి, అడాల్ఫ్ రికెన్‌బాకర్ సహకారమున 1932నుండి విక్రయించిన ఆ గిటారు ఆకారమునుబట్టి ‘ఫ్రయింగ్ పాన్’ అను పరిహాసనామమును పొందినది. దాని పికప్పునందు గుర్రపునాడావంటి అయస్కాంతములు రెండు తంత్రులపైకి వంగియుండెడివి. 1934లో కోరిన పేటెంటు 1937లో లభించినది. ఈలోగా పరీక్షకాధికారుల సందేహనివృత్తికై వాదకులను పంపి వారి యెదుట వాయింపజేయవలసి వచ్చినది. 1936లో గిబ్సన్ సంస్థ వెలువరించిన ఇ.ఎస్. 150 గిటారును చార్లీ క్రిస్టియన్ జాజ్ సంగీతమున ప్రయోగించి, అంతవరకు వాద్యబృందమున తాళము పట్టుటకే పరిమితమైయున్న గిటారునకు ప్రధానవాద్యపు హోదాను సంపాదించిపెట్టెను.

1946లో గిబ్సన్ ‘పి. 90’ పికప్పు వచ్చినది. 1950 ప్రాంతమున లియో ఫెండర్ నిర్మించిన, తర్వాత టెలికాస్టరుగా స్థిరపడిన గిటారును, 1954 నాటి స్ట్రాటోకాస్టరును ఏకచుట్ట పికప్పులకు శాశ్వతమైన నమూనాలుగా నిలిచినవి. ఏకచుట్ట పికప్పులకు సహజమైన దోషము విద్యుత్సరఫరానుండి వచ్చు హోరు. దీనిని తొలగింప గిబ్సన్ సంస్థలోని సెత్ లవర్ అనునాతడు అయస్కాంతధ్రువములును చుట్టుదిశలును పరస్పరము విరుద్ధముగానున్న రెండు తీగచుట్టలను జతపరచి 1955లో పేటెంటు కోరెను; 1959లో అది లభించినది. ఇదే హంబకరు. ఇంచుమించు అదే కాలమున రే బట్స్ గ్రెచ్ సంస్థకై ఫిల్టర్‌ట్రాన్ అను ఇట్టి సాధనమునే స్వతంత్రముగా నిర్మించెను.

పేటెంటు కోరబడినదని తెలుపు చీటీ అంటించిన తొలి హంబకర్లను, ఆ ఆంగ్లపదముల ఆద్యక్షరములనుబట్టి ‘పి.ఎ.ఎఫ్.’ అని వ్యవహరింతురు. వాని చుట్లసంఖ్య చుట్టకు ఐదువేలకు దాపుగా ఉన్నను నియతముగా ఉండెడిది కాదు. అయస్కాంతములుకూడ చేతికి దొరకిన తరగతివే వాడబడినవి. నేడు ఆ అనియతినే కొందరు నిర్మాతలు ప్రయత్నపూర్వకముగా అనుకరించుచుండుట విచిత్రము. పేటెంటు లభించిన తర్వాతి చీటీలపై ముద్రించిన సంఖ్య హంబకరుది కాక, గిటారువాదకుడు లెస్ పాల్ పేరనున్న తంత్రిబంధపు పేటెంటుదగుట మరియొక విచిత్రము.

మార్పిడి ఆచారము వ్యాపారమునకు పూర్వమే మొదలైనది. ఇంగ్లండులో గిటారువాదకుడు బ్రయన్ మే తన తండ్రితో కలసి 1963లో మొదలిడి నిర్మించిన గిటారునకు తొలుత పికప్పులనుకూడ స్వయముగానే చేసికొనెను. తంత్రులను పక్కకు లాగినపుడు అవి అవాంఛితధ్వనిని కలిగించుటచే, వానిని తొలగించి బర్న్స్ ట్రైసోనిక్ పికప్పులను కొని అమర్చెను. మార్పిడికనియే ప్రత్యేకముగా అమ్మబడిన తొలి పికప్పుగా లారీ డిమార్జియో 1972లో వెలువరించిన ‘సూపర్ డిస్టార్షన్’ ప్రసిద్ధము. 1976లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాయందు సేమూర్ డంకన్ సంస్థ ఏర్పడినది. ఆ సంవత్సరముననే రాబ్ టర్నర్ స్థాపించిన సంస్థ ఇ.ఎమ్.జి. అను పేర, లోపలనే యాంప్లిఫయరు గల క్రియాశీల పికప్పులకు ప్రసిద్ధినొందినది. ఎడ్వర్డ్ వాన్ హేలెన్ స్ట్రాటోకాస్టరు ఆకారముగల దేహమునందు బ్రిడ్జిచెంత గిబ్సన్ హంబకరును నిలిపి, 1978లో వెలువడిన తన బృందపు తొలి ఆల్బముచేత ఆ కలయికను లోకవిదితము చేసిన పిదప, కర్మాగారములే ఆ పద్ధతిని చేపట్టినవి.

అయస్కాంత పికప్పు గిటారునకే పరిమితము కాలేదు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ జంటతంత్రుల మాండలినును విడిచి, ఒంటితంత్రులు ఐదు గల విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును వినిపించెను. తంత్రినాదము త్వరగా అణగిపోవు వాద్యమున దీర్ఘగమకములు నిలువవు. ఆ నిలుకడను సమకూర్చుటలో విద్యుద్గ్రహణమునకు గల పాత్ర గణనీయము.

రకములు

ఏకచుట్ట పికప్పులలో ఫెండర్ పద్ధతివి, పి. 90 పద్ధతివి అని ముఖ్యభేదము. మొదటిదానియందు అయస్కాంతపు కడ్డీలు ఆరును తామే ధ్రువములై తీగచుట్ట మధ్యనుండి పైకి వచ్చును. సుమారు 8,000 చుట్లు, 5.5 మొదలు 6.5 కిలో ఓముల నిరోధము సామాన్యము. రెండవదానియందు వెడల్పైన చుట్టక్రింద రెండు పలక అయస్కాంతములుండి, ఉక్కుస్క్రూలు ధ్రువములుగా పనిచేయును. చుట్లు పదివేలకు చేరును. స్పష్టతయు, తీగ తెగినట్లుండు పలుకును ఫెండర్ పద్ధతికి లక్షణములు, పి. 90 అంతకంటె గరుకైనది, మధ్యస్థాయిలో బలమైనది.

హంబకరునందు రెండు చుట్టలును సాధారణముగా శ్రేణిలో కలుపబడును. బయటినుండి వచ్చు హోరు రెండింటను సమానముగా పుట్టి, చుట్టుదిశ విరుద్ధమగుటచే పరస్పరము రద్దగును. తంత్రివలన పుట్టిన సంకేతము మాత్రము, ధ్రువములుకూడ విరుద్ధములగుటచే, కూడికగును. పురాతన నమూనాలు 7 మొదలు 9 కిలో ఓములును, సూపర్ డిస్టార్షన్ సుమారు 13 కిలో ఓములును, డంకన్ వారి ‘జె.బి.’ సుమారు 16 కిలో ఓములును చూపును. ఏకచుట్ట పికప్పుయొక్క గుంటలో ఇమిడెడి సన్నని హంబకర్లు, ఒకదానిపై నొకటి పేర్చిన జంటచుట్టలు, హంబకరు చట్రములో ఇమిడెడి పి. 90లు మొదలగునవి కొయ్యను తొలువకయే మార్పిడి చేసికొనుటకై పుట్టినవి.

క్రియాశీల పికప్పులందు బలహీనమైన అయస్కాంతములును, తక్కువ చుట్లును ఉండి, లోపలనే అమర్చిన చిన్న యాంప్లిఫయరు సంకేతమును పెంచును. దీనికి 9 వోల్టుల బ్యాటరీ అవసరము. కేబులు పొడవైనను పలుకు మందగింపదు. హోరు మిక్కిలి తక్కువ. వీనికి 25 కిలో ఓముల వాల్యూము, టోన్ కంట్రోళ్లు వలయును గనుక సామాన్య పికప్పుతో ఒకే గిటారునందు కలిపి వాడుట సుకరము కాదు.

కొలతలు, వాని విలువ

విక్రేతల పట్టికలలో ప్రముఖముగా కనిపించు సంఖ్య నిరోధము. అది పెద్దదైనకొలది పికప్పు బలమైనదని తలచుట సర్వసామాన్యమైన పొరపాటు. చుట్టుటకు వాడు తీగ 42వ గేజిదైన దాని వ్యాసము సుమారు 0.063 మిల్లీమీటరు, 43వ గేజిదైన 0.056 మిల్లీమీటరు, చుట్లు సమానముగానున్నను సన్నని తీగ అధికనిరోధమును చూపును. కావున ఒకే నిర్మాణము, ఒకే తీగ గల రెండింటిమధ్య మాత్రమే నిరోధమును పోల్చుట సబబు. ప్రేరకత్వము, అనునాద పౌనఃపున్యము తెలియుచో పలుకును గూర్చి అంతకంటె నమ్మదగిన ఊహ చేయవచ్చును.

అయస్కాంతములు ప్రధానముగా రెండు తెగలు. అల్యూమినియము, నికెలు, కోబాల్టుల మిశ్రమమైన అల్నికోలో 5వ తరగతి బలమైనది, స్ఫుటమైన ఆరంభము గలది, 2వది మెత్తనిది, 3వది వానిలో బలహీనము. ఫెర్రైటు, అనగా వ్యవహారమున సెరామిక్ అనబడునది, చవుకయైనది, బలమైనది. అధికసంకేతపు పికప్పులకు దీనిని విరివిగా వాడుదురు. సెరామిక్ పికప్పు కఠినమైనదను ప్రతీతి కలదుకాని, అందు అయస్కాంతపు జాతికంటె, దానితోడి చుట్లసంఖ్యకే పాలెక్కువ.

లోహపు మూతవిషయమునకూడ లోహమును గమనింపవలెను. ఇత్తడిమూతయందు సుడివిద్యుత్తు హెచ్చుగా పుట్టి తారస్థాయిని అణచును. జర్మన్ సిల్వరు విద్యుద్వాహకత తక్కువది గనుక ఈ నష్టము స్వల్పము.

ఎంపిక విధానము

ఏది కొనవలెనను ప్రశ్నకు పూర్వము ఉన్నదానిలో లోటు ఏమనునది నిర్ణయింపవలెను. చాలభాగము లోట్లు పికప్పువి కావు. నెక్ పికప్పు మ్రగ్గినట్లు పలుకుచున్నచో దానిని కొంత దించి, ధ్రువపు స్క్రూలను కొంత పైకెత్తుటతోనే తేరుకొనవచ్చును. హంబకరుకు 500 కిలో ఓములు, ఏకచుట్టకు 250 కిలో ఓములు గల కంట్రోళ్లు వాడుక. 1970 దశాబ్దపు గిబ్సన్ గిటార్లు కొన్నింటిలో వాల్యూమునకు 300 కిలో ఓములవి ఉండుటచే తారస్థాయి సహజముగా తగ్గును, దానిని మార్చుట పికప్పును మార్చుటకంటె మిక్కిలి చవుక. పాత పద్ధతిలో ఎత్తుపల్లములుగా నిలిపిన ఫెండర్ ధ్రువములు, చుట్టుతీగగల మూడవతంత్రి వాడుకలోనున్న కాలమున నిర్ణయింపబడినవి; నేటి సాదా మూడవతంత్రి వానిపై మిగిలినవానిని మించి మ్రోగును. ఇచట మార్పవలసినది పికప్పే, ధ్రువములు సమతలముగా నున్నదానిని కొనుటయే మార్గము.

హోరు విషయమున పరీక్ష సులభము. చేతితో తంత్రులను తాకగానే హోరు తగ్గినచో, అది కవచము లేకపోవుటచే వచ్చు విద్యుత్క్షేత్రదోషము. గుంటలకు రాగిరేకు అంటించి భూమితో కలుపుట తగిన చికిత్స. గిటారును పట్టుకొని గదిలో అటునిటు తిరిగినపుడు హోరు హెచ్చుతగ్గులగుచో, అది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంతక్షేత్రమునుండి తీగచుట్టలోనికి వచ్చునది. దీనికి హంబకరుగాని పేర్పుచుట్టగాని వలయును. భారతదేశమున ఇది 50 హెర్ట్జులు మొదలుకొని దాని గుణిజములుగాను, అమెరికాలో 60 హెర్ట్జులు మొదలుకొనియు వినవచ్చును. ఎర్తింగు సరిగాలేని ఇండ్లయందు, ఫ్యాను రెగ్యులేటర్ల సమీపమున రెండు దోషములును కలసియే వచ్చుటచే, మొదటిదానిని తొలగించిన తర్వాతనే రెండవదానిని అంచనా వేయవలెను.

లోటు పికప్పుదేయని తేలినపుడు సంకేతబలమును నిర్ణయింపవలెను. అధికసంకేతపు పికప్పు యాంప్లిఫయరును త్వరగా వికృతస్వరమునకు నెట్టును. కాని చుట్లు పెరిగినకొలది అనునాదము దిగి, వాల్యూము తగ్గించినపుడు పలుకు మసకబారును. వికృతిని పెడలుద్వారా పొందెడి వాదకునకు దీనివలన లాభము తక్కువ. బ్లూస్, జాజ్ వాయించువారు పురాతన నమూనాలకు దగ్గరివానిని, మెటల్ సంగీతమువారు సెరామిక్ హంబకర్లను లేక క్రియాశీలములను ఎంచుకొనుట సాధారణమైనను, ఇది నియమము కాదు.

ఒక పికప్పును ఒంటరిగా కాక తక్కినవానితో సరితూచి ఎంపిక చేయవలెను. బ్రిడ్జిచెంత తంత్రిచలనము స్వల్పము గనుక అచటిదానికి చుట్లు కొంత అధికముగా నుండుట మేలు. తొలినాటి స్ట్రాటోకాస్టరులో మూడును సమానమైనవే, పైగా బ్రిడ్జి పికప్పునకు టోన్ కంట్రోలు లేదు. ఆ పికప్పు చెవిని గీరునను ఫిర్యాదునకు మూలమిదే. అట్టి ఫిర్యాదు గలవారు మొదట ఖాళీగానున్న టోన్ కంట్రోలును దానికి కలిపించి, చాలనిచో కొలది శాతము ఎక్కువ చుట్లుగల పికప్పును, అప్పటికిని తీరనిచో క్రింద ఉక్కుపలక గలదానిని, చివరకు హంబకరును పరిశీలింపవచ్చును. హంబకరునకై పాతగిటారుయొక్క కొయ్యను తొలిచినచో దాని అమ్మకపు విలువ తరుగును గనుక ఈ క్రమము సమంజసము.

కొనుటకుముందు కొలువవలసినవి మరికొన్ని కలవు. మొదటి తంత్రికిని ఆరవదానికిని సంబంధించిన ధ్రువముల దూరము గిబ్సన్ పద్ధతిలో సుమారు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ ట్రెమెలో బ్రిడ్జికి 52 లేక 53. వెడల్పైన బ్రిడ్జిక్రింద ఇరుకైన పికప్పు పెట్టినచో అంచుతంత్రులు ధ్రువములకు వెలుపల పడును. మూడు పికప్పుల గిటారునందు రెండు కలసి పలికెడి స్థానమున హోరు రద్దగుటకు మధ్యదాని ధ్రువము, చుట్టుదిశ తక్కినవానికి విరుద్ధమై యుండవలెను. రెండవ నిర్మాతనుండి తెచ్చినదానిని చేర్చినపుడు ఇది కలియకపోవచ్చును. ధ్రువము ఒకటే విరుద్ధమైనచో రెండును కలసినపుడు మంద్రమంతయు పోయి సన్నని, బోలుపలుకు మిగులును. నాలుగు తీగలు బయటికి వచ్చు హంబకరును కొనినచో చుట్టలను శ్రేణిలోను, సమాంతరముగాను, ఒక్కటిగాను వాడుకొనుట సాధ్యము. తీగలరంగుల సంకేతము మాత్రము నిర్మాతకొకటి.

అమర్పు

పనికి సోల్డరింగు ఇనుము, మల్టీమీటరు చాలును. పాతతీగలు ఎచ్చటెచ్చట అతికినవో ముందుగా చిత్రము గీసికొనియో ఫొటో తీసికొనియో పాతదానిని విప్పవలెను. మల్టీమీటరును పికప్పునకు కలిపి, ఇనుపస్క్రూడ్రైవరును ధ్రువముపై తట్టినపుడు సూచి ఏ దిక్కునకు తొలగునో చూచి, రెండు పికప్పులలోను ఒకే దిక్కునకు తొలగునట్లు తీగలను కలిపినచో, పైన చెప్పిన బోలుపలుకునకు కారణమగు వ్యతిరేకదశాదోషము రాదు. చుట్ట వదులుగానుండి అధికధ్వనియందు కూతపెట్టినచో, పారఫిను, తేనెమైనముల మిశ్రమమును సుమారు 65 డిగ్రీల సెల్సియసున కరిగించి అందు ముంచుదురు. ప్లాస్టిక్ చట్రము వంగును గనుక వేడి అంతకంటె పెరుగరాదు. మైనమును నేరుగా మంటపై కాక వేడినీటిపాత్రలోనుంచి కరిగింతురు.

తుదిపని ఎత్తు. చివరిమెట్టుయొద్ద తంత్రిని నొక్కి, తంత్రికి ధ్రువమునకు నడుమ దూరమును కొలుతురు. బ్రిడ్జిచెంత 2 మిల్లీమీటర్లతో ఆరంభించి, నెక్‌చెంత మరికొంత ఎక్కువ విడుచుట వాడుక. ధ్రువములుగా కడ్డీ అయస్కాంతములున్న పికప్పును మితిమీరి పైకెత్తినచో అయస్కాంతము తంత్రిని తనవైపు లాగి, మంద్రతంత్రుల పైమెట్లయందు శ్రుతి తప్పిన జంటస్వరము వినిపించును. ఇట్టిది వినబడినపుడు సగము మిల్లీమీటరు చొప్పున దించుచు, స్వరము శుద్ధమైనచోట ఆపి, తక్కిన పికప్పుల ధ్వనిబలమును దానికి సరిచేయుదురు. తొలగించిన పికప్పును పారవేయక వాద్యముతోనే భద్రపరచుదురు. వాద్యమును అమ్మునపుడు కొనువారు మొదట అడుగునది దానినే.